ముడికి రెండు వందలా?

మా కారు ఆగిపోయిన సంగతి రాస్తానంటే క్లబ్ గ్రూప్‌లో వచ్చిన మొదటి రిప్లై, "ఇందులో సాహిత్యం ఎక్కడ బ్రో?" అని. నాకూ తెలీదు. పదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం, మీలో సగం మంది లాగే. సాహిత్యం కనిపిస్తే నాకు కూడా చూపించండి. నాకు చెప్పాలనిపించింది మాత్రం ఒకటుంది. ఒక వస్తువులో ఏం పోయిందో కనుక్కోవడం కూడా పనే. ఆ పనికి మనం డబ్బులివ్వం, కాలేజీలో మార్కులూ ఇవ్వరు. దానివల్ల మా ఇంట్లో దాదాపు తొమ్మిది వేలు పోయాయి. ఇంకో వారమైతే కారే పోయేది.

మాది కథలాపూర్. కోరుట్ల నుంచి రుద్రంగి మీదుగా వేములవాడ పోయే దారిలో వస్తుంది. మా దిక్కు ఇల్లు చూస్తే మస్కట్ ఇల్లా, దుబాయ్ ఇల్లా అని చెప్పేయొచ్చు. మా బాపు మస్కట్‌లో పదకొండేళ్ళు చేసి వచ్చాడు. వచ్చాక ఇల్లు కట్టలేదు, అప్పులు తీర్చి మిగిలిన దాంతో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. 2006 మోడల్ సాంత్రో జింగ్. నంబర్ ప్లేటు ఇంకా ఏపీ 15, అంటే మేమందరం కరీంనగర్ జిల్లాలో ఉన్న రోజులది. జగిత్యాల జిల్లా 2016లో వచ్చింది, ప్లేటు మారలేదు. ఆ కారంటే బాపుకి ఎంత ఇష్టమంటే, పొలానికి బైక్ మీద పోయి, వచ్చాక కారు తుడుస్తాడు.

పోయిన ఎండాకాలం నాయినమ్మని తీసుకుని వేములవాడ రాజన్న దర్శనానికి బయల్దేరాం. రుద్రంగి దాటాక ఇంజన్ రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది, అంటుకోవడం లేదు. చెట్టు కూడా లేని చోట నాయినమ్మ కొంగు తల మీద వేసుకుని కూర్చుంది. నలభై నిమిషాలకి ఏమీ చేయకుండానే స్టార్టయింది. "రాజన్నే నడిపించిండు" అంది నాయినమ్మ. వారం తర్వాత మళ్ళీ ఆగింది. ఈసారి రాజన్న నడిపించలేదు, ఆటో ట్రాలీకి కట్టి లాక్కొచ్చాం.

బాపు నన్ను చూసి, "కంప్యూటర్ సైన్స్ చదువుతున్నవ్ గదరా, జర సూడు" అన్నాడు. బానెట్ ఎత్తాను. చూశాను. దించాను.

ఇక్కడ కొంచెం సబ్జెక్ట్ చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పాత కార్బురేటర్ మారుతి 800లలో పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉండేది. ఇంజన్ తిరిగితే అదీ కొట్టుకునేది. దానికి కరెంటుతో పని లేదు. సాంత్రో 1998లో వచ్చినప్పటి నుంచే ఎంపీఎఫ్‌ఐ. అంటే పెట్రోల్‌ని ఇంజెక్టర్లు కొలిచి చల్లుతాయి. అలా చల్లాలంటే పైపులో మూడు బార్ల దాకా ప్రెషర్ ఉండాలి, మన కారు టైర్లో గాలి కంటే ఎక్కువ. అందుకని ట్యాంకు లోపలే ఒక చిన్న డీసీ మోటర్ పంపు మునిగి కూర్చుంటుంది. తాళం తిప్పగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు "గుయ్" అని సన్నగా వినిపించేది అదే. ఇంజన్ కంప్యూటర్ రిలేకి ఆర్డర్ ఇస్తుంది, రిలే "టక్" అంటుంది, బ్యాటరీ కరెంటు ఫ్యూజు, రిలే, పొడుగాటి వైరు మీదుగా పంపుకి పోతుంది, అక్కడి నుంచి ఎర్త్ వైరు మీదుగా బాడీకి, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగొస్తుంది. రెండు సెకన్లలో ఇంజన్ తిరగకపోతే కంప్యూటర్ పంపుని ఆపేస్తుంది. యాక్సిడెంట్ అయినప్పుడు పెట్రోల్ కారిపోకుండా ఆ ఏర్పాటు.

ఈ దారిలో ఎక్కడ తెగినా బయటికి కనిపించేది ఒకటే: బండి స్టార్ట్ కాదు.

టౌన్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాం. పేరు, ఊరు చెప్పను, చెప్పాల్సిన అవసరం లేదు. అక్కడి మెకానిక్ చెవి పెట్టి విన్నాడు. "పంపు సౌండ్ వస్తలేదు అన్నా, పంపు పోయింది. ఇప్పుడు పెట్రోల్ల ఇథనాల్ కలుపుతున్నరు గదా, పాత బండ్లన్నిటికీ ఇదే." 5,500. బాపు బేరం కూడా ఆడలేదు. కొత్త పంపు వేశాక బండి చక్కగా నడిచింది, ఆరు రోజులు. ఏడో రోజు మేడిపల్లి పోయే దారిలో ఆగింది. ఈసారి రిలే, ఫిల్టర్ మార్చారు, 1,400. రెండుసార్లు లాక్కురావడానికి ఇంకో 1,800. నాలుగోసారి ఆగినప్పుడు స్కానర్ పెట్టారు. ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. కోడ్ రాలేదు కాబట్టి, "ఈసీఎం పోయినట్టుంది, సెకండ్ హ్యాండ్‌దే పన్నెండు వేలు అయితది" అన్నాడు.

నేను హాస్టల్ నుంచి ఫోన్లో వింటున్నా. ఆ మాటలో లాజిక్ తప్పని అప్పుడు నాకు తట్టలేదు. మా కారు లాంటి పాత బండ్లలో కంప్యూటర్‌కి తెలిసేది రిలేకి తను ఆర్డర్ ఇచ్చింది అని మాత్రమే. పైపులో పెట్రోల్ ప్రెషర్ ఎంతుందో చెప్పే సెన్సర్ దానికి లేదు. పంపు దగ్గర ఎర్త్ వైరు చచ్చిపోయినా దాని లెక్కలో అంతా బాగే. ప్రోగ్రాం భాషలో చెప్పాలంటే ఆ ఫంక్షన్ రిటర్న్ వాల్యూ ఎవరూ చూడటం లేదు. కోడ్ రాకపోవడం కంప్యూటర్ పాడైందని సాక్ష్యం కాదు, కంప్యూటర్‌కి అక్కడ కళ్ళు లేవని సాక్ష్యం.

బాపు అప్పటికే అలసిపోయాడు. "మనకు తెల్వది గదా బిడ్డా, ఆళ్ళు జెప్పిందే నమ్మాలె" అన్నాడు. స్క్రాప్ అతను ముప్పై వేలు ఇస్తానన్నాడట. ముప్పై వేలకి మస్కట్‌లో పదకొండేళ్ళు.

సెలవులకి వచ్చినప్పుడు నేనూ ఒక ప్రయత్నం చేశాను. వీడియోలు చూసి, ఫస్టియర్‌లో కొన్న మల్టీమీటర్ పట్టుకుని దిగాను. వెనక సీటు ఎత్తితే దాని కింద ఒక మూత ఉంటుంది, అది తీస్తే పంపు కనెక్టర్. కనెక్టర్ ఊడదీసి రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టి తాళం తిప్పించాను. 12.3 వోల్టులు. అంటే కరెంటు వస్తోంది, అంటే పంపే పోయింది, అంటే కొత్త పంపు కూడా డూప్లికేట్‌ది. ఇదీ నా తీర్పు. చాలా కాన్ఫిడెంట్‌గా చెప్పాను కూడా. షెడ్డు అతని కంటే నేను బాపుకి ఎక్కువ నష్టం చేసేవాణ్ణి, ఎందుకంటే నా చేతిలో అంకె ఉంది.

మా ఊళ్ళో మోటర్ వైండింగ్ చేసే ఒకాయన ఉన్నాడు. బాపు ఆయన్ని బావ అంటాడు కాబట్టి నాకు మామ. కార్లు చేయడు. కాలిపోయిన బోరు మోటర్లకి రాగి తీగ చుట్టడమే ఆయన పని. ఏదో స్టార్టర్ పని మీద మా ఇంటికి వచ్చి, నా మీటర్ చూసి, "ఎంత జూపెట్టింది అల్లుడా?" అన్నాడు. చెప్పాను.

"ఏం లోడ్ మీద?"

లోడ్ లేదు, కనెక్టర్ ఊడదీసి చూశానన్నాను. ఆయన నవ్వలేదు, అది గుర్తుంది. "లోడ్ లేకుంటే ఎండిపోయిన బాయిల గూడా తాడుకు తడి తాకుతది" అన్నాడు. తర్వాత, "ఆగినప్పుడు సూడాలె. నడిసేటప్పుడు సూస్తే ఏం దొరుకుతది?" అని బండి స్టార్ట్ చేయించి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఎండలో నలభై నిమిషాలు ఇంజన్ అలాగే నడిచింది. పెట్రోల్ దండగ అని బాపు లోపలికీ బయటికీ తిరిగాడు. నలభై నిమిషాలకి కుదిపి ఆగింది. కారు ఆగినందుకు మా ఇంట్లో సంతోషపడటం అదే మొదటిసారి. మన భాషలో చెప్పాలంటే బగ్ రీప్రొడ్యూస్ అయింది.

మామ దుకాణం నుంచి ఒక పాత హెడ్‌లైట్ బుగ్గ తెచ్చాడు. రెండు తీగల్లో ఒకటి కాలిపోయింది, 60 వాట్ల తీగ మిగిలింది. దానికి రెండు వైర్లు అతికించి ఉన్నాయి. ఇదే ఆయన టెస్టర్. ఇంత మామూలు వస్తువు ఎంత సరిగ్గా సరిపోయిందో నేను తర్వాత లెక్క వేసుకున్నాను: 60 వాట్లని 12 వోల్టులతో భాగిస్తే 5 ఆంపియర్లు. ఇలాంటి పంపు లాగే కరెంటు కూడా ఇంచుమించు అంతే.

తాళం తిప్పితే రెండు సెకన్లే కరెంటు వస్తుందని చెప్పాను. అది మాత్రం నాకు తెలుసు. రిలే పీకి, దాని సాకెట్లో 30, 87 నంబర్ల మధ్య ఫ్యూజు ఉన్న వైరు ముక్క పెట్టాం. ఫ్యూజు లేకుండా మాత్రం పెట్టకండి. ట్యాంకు పక్కనే పని, తలుపులన్నీ తీసి గాలి ఆడనిచ్చాం, బాపు బీడీ కట్ట మామ జేబులోకి పోయింది. ఇప్పుడు కరెంటు ఆగకుండా వస్తోంది. పంపు కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు పిన్నులకి బుగ్గ పెట్టాడు.

బుగ్గ వెలిగింది. బీడీ కొసన నిప్పులాగా, ఎర్రగా, అంతే.

నా మీటర్ అదే పిన్నుల మీద పెట్టమన్నాడు. బుగ్గ వెలుగుతుండగా అయిదు చిల్లర వోల్టులు. బుగ్గ తీయగానే 12.3. పెట్టగానే మళ్ళీ అయిదు.

ఇది ఓమ్ సూత్రమే, 1827 నాటిది. మనం పదో తరగతి నుంచి రాస్తున్నదే. పంపు నడిచేటప్పుడు దాన్ని సుమారు 2.4 ఓములు అనుకోండి, 12 వోల్టులకి 5 ఆంపియర్లు. దారిలో ఎక్కడో ఒక చెడ్డ జాయింట్ ఇంకో 2.4 ఓములు అడ్డం పడితే వోల్టేజి చెరి సగం. పంపుకి దక్కేది ఆరు. డీసీ మోటర్ ఆరు వోల్టుల మీద నీరసంగా తిరుగుతుంది, ప్రెషర్ రాదు, ఇంజన్ ఆగుతుంది. మరి మీటర్‌కి ఎందుకు తెలియలేదు? ఎందుకంటే డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ మామూలుగా కోటి ఓములు. కోటి ముందు 2.4 ఎంత? మీటర్ లాగే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. అంత సన్నటి కరెంటుకి ఆ జాయింట్ అసలు అడ్డమే కాదు. మీటర్ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు. లోకల్‌హోస్ట్‌లో ఒక్క యూజర్‌తో నడిపి, "నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది" అనడం లాంటిది.

తర్వాతది పది నిమిషాల పని. మామ ఒక పొడుగు వైండింగ్ తీగ బ్యాటరీ మైనస్ నుంచి వెనక్కి లాగాడు. మీటర్ ఒక కొస దానికి, ఇంకో కొస కనెక్టర్‌లో ఎర్త్ పిన్నుకి. బుగ్గ వెలుగుతుండగా అక్కడ దాదాపు సున్నా ఉండాలి, వోల్టులో పదో వంతో రెండు పదో వంతులో ఉంటే ఫర్వాలేదు. ఆరు దాటి చూపించింది. అంటే పోతున్న వోల్టేజి అంతా ఎర్త్ వైపే పోతోంది. ఫ్యూజు, రిలే, ఈసీఎం వైపు ఏమీ లేదు. ఒక్క కొలతతో పన్నెండు వేల ఈసీఎం పక్కకి పోయింది. ఆ వైరు పట్టుకుని వెళ్తే, తలుపు పక్కన మ్యాట్ కింద నల్ల టేపు చుట్టిన ముడి. మా కంటే ముందున్న ఓనర్ రివర్స్ సెన్సరో ఇంకేదో పెట్టించుకున్నప్పుడు ఎవరో ఆ ఎర్త్ వైరుని మధ్యలో కోసి, ఇంకో వైరు కలిపి మెలిపెట్టి టేపు వేశారు. మ్యాట్ కింద వాన నీళ్ళ తడి. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది, చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నడిపించేది, కరెంటు పారి వేడెక్కాక పట్టు వదిలేసేది. నలభై నిమిషాలు ఆగితే చల్లబడి మళ్ళీ పట్టుకునేది. అదీ రాజన్న మహిమ.

చిలుము ఉన్నంత మేర కోసేసి, గీకి, సోల్డర్ పెట్టి, మోటర్ వైండింగ్‌కి వాడే స్లీవు తొడిగాడు. బుగ్గ మళ్ళీ పెడితే కళ్ళు మూసుకున్నాం.

కారు డిక్కీలో పాత పంపు ఇంకా పడి ఉంది. ఆరిపోయి నెలలైంది. బయట వాకిట్లో పెట్టి బ్యాటరీకి ఒక్క క్షణం తాకిస్తే గిర్రున తిరిగింది. బాపు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

మామని ఎంతివ్వాలని అడిగితే, "రెండు వందలియ్యి" అన్నాడు.

అప్పుడు బాపు అన్న మాట కోసమే ఈ వ్యాసం. "ముడి ఏసినందుకు రెండు వందలా బావా?" అన్నాడు. సరదాకే అన్నాడు, సగం. 5,500 పంపుకి నోరెత్తని మనిషి, రెండు గంటలు కూర్చుని అసలు రోగం పట్టిన మనిషితో రెండు వందలకి బేరం. బాపు పిసినారి కాదు. పంపు చేతికి వస్తుంది, బరువుంటుంది, డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటుంది. కనుక్కోవడానికి డబ్బా లేదు.

అందుకే షెడ్డు మెకానిక్ మీద కూడా నాకు కోపం లేదు. మొదట్లో ఉండేది. కానీ ఆయన వైపు నుంచి చూడండి. నలభై నిమిషాలు ఇంజన్ నడిపి, ఆగేదాకా కాసుకుని కూర్చుని, వైరు వైరు వెతికి, చివరికి "అన్నా, ఒక ముడి చెడింది" అంటే మనం ఎంతిస్తాం? యాభై. చాయ్‌కి. ఆ రెండు గంటల్లో రెండు క్లచ్ ప్లేట్లు వేసుకోవచ్చు. వెతికితే నష్టం, మారిస్తే లాభం అని ఆయనకి నేర్పింది మనమే. డాక్టర్‌కి చూసినందుకు ఫీజు ఇస్తాం, మందు రాయకపోయినా ఇస్తాం. షెడ్డులో "చూసినందుకు ఇంత" అని బోర్డు పెడితే మాత్రం పక్క షెడ్డుకి పోతాం. ఇథనాల్ మాట కూడా అలాంటిదే. పాత బండ్ల రబ్బరు భాగాల గురించి నిజంగానే జాగ్రత్తగా ఉండాల్సిన విషయం అది. కానీ ఏ బండి వచ్చినా అదే జవాబు అంటే, వెతకకుండా ఉండటానికి అదొక వీలు.

మామకి లోడ్ సంగతి ఎలా తెలుసని అడిగాను. ఆయన చెప్పింది బోర్ల గురించి. లైన్ చివర ఉన్న పొలాల్లో అందరూ ఒకేసారి మోటర్లు వేస్తే వోల్టేజి పడిపోతుంది. బోరు మోటర్ ఏసీది, బరువు మీద ఉన్నప్పుడు వోల్టేజి తగ్గితే అది కరెంటు ఎక్కువ లాగి కాలుతుంది. రైతు మోటర్ తెస్తాడు, ఈయన చుట్టి ఇస్తాడు, ఇరవై రోజులకి మళ్ళీ కాలి వస్తుంది. మళ్ళీ చుడితే మళ్ళీ డబ్బులు. "ఒకే రైతు మూడోసారి తెచ్చిండు. నాకే సిగ్గయింది. పొలం కాడికి పోయి సూస్తే ఫ్యూజు కాడ అల్యూమినియం తీగ మాడి బొగ్గయింది." అప్పటి నుంచి బుగ్గ దగ్గర పెట్టుకున్నాడట. సిగ్గయిందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ రైతుది నాలుగోసారి చుట్టే డబ్బులు ఈయనే పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు మన సంగతి. ఫస్టియర్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ ల్యాబ్ మనందరం చేశాం. ఓమ్ సూత్రం నిజమేనని వెరిఫై చేశాం, రీడింగ్స్ రాకపోతే పక్కవాడి రికార్డ్ చూసి కరెక్ట్ రీడింగ్స్ రాశాం. (నేను రాశాను. మీ సంగతి మీకు తెలుసు.) వైరు లూజుగా ఉండి రీడింగ్ తప్పు వచ్చిన రోజే నిజంగా నేర్చుకోవాల్సిన రోజు, ఆ రోజే మనం కాపీ కొట్టాం. అన్నీ పనిచేసే సర్క్యూట్లే ఇస్తారు. "ఇది పనిచేయట్లేదు, ఎందుకో చెప్పు" అని ఒక్క పాడైపోయిన బోర్డు ఇచ్చే ల్యాబ్ నాలుగేళ్ళలో ఎక్కడైనా ఉంటే చెప్పండి. మా బ్రాంచ్ వాళ్ళం ఇంకా ఘోరం. ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి ఏఐకి పేస్ట్ చేస్తాం, అది చెప్పిన లైన్ మారుస్తాం, రన్ చేస్తాం, రాకపోతే ఇంకోటి మారుస్తాం. పంపు, రిలే, ఫిల్టర్, ఈసీఎం. షెడ్డులో కనీసం చేతులకి గ్రీజైనా అంటుతుంది.

వెతకడం టాలెంట్ అని, అది ఉన్నవాళ్ళకి ఉంటుందని ఒక సీనియర్ అన్నాడు. నేను ఒప్పుకోను. మామ చేసింది మూడు పనులు. తప్పు జరిగేదాకా ఆగాడు, బరువు పెట్టి చూశాడు, దారిని రెండు ముక్కలు చేసి ఏ సగంలో ఉందో తేల్చాడు. మూడోది బైనరీ సెర్చ్. మనం దాన్ని సార్టెడ్ అర్రే మీద తప్ప ఇంకెక్కడా వాడలేదు.

నా ప్రపోజల్ చిన్నది. హెచ్‌ఓడీ సార్‌ని సిలబస్ మార్చమని అడిగే సీన్ మనకు లేదు. నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, క్లబ్ మీటింగ్ అయ్యాక, ఎవరింట్లో పనిచేయని వస్తువు వాళ్ళు తేవాలి. మిక్సీ, రేడియో, టేబుల్ ఫ్యాన్, క్రాష్ అయ్యే కోడ్ అయినా సరే. రూల్ ఒకటే: ఏం పోయిందో చూపించేదాకా ఎవరూ ఏ పార్టూ మార్చకూడదు. కనుక్కున్నవాళ్ళకి తెచ్చినవాళ్ళు చాయ్, సమోసా ఇప్పించాలి, బేరం లేకుండా.

మొదటి శనివారానికి మా పొలం స్టార్టర్ నేను తెస్తాను. పచ్చ బటన్ నొక్కితే పట్టుకుని, రెండు నిమిషాలకి కొట్టేస్తోంది. మామకి ఇంకా చూపించలేదు.